మా ఊరి పాల సంఘంలో కుర్రాళ్ల మాట చెల్లాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 27. డిగ్రీ అయ్యాక మూడేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి ఊరికి వచ్చేశాను. ఎనిమిది ముర్రా గేదెలున్నాయి, ఐదు పాలిస్తున్నాయి. మా ఊరి పాల సంఘం పెట్టినవాళ్లలో మా తాతగారు ఒకరు. ఒకప్పుడు ఊరంతా అక్కడే పాలు పోసేది. ఇప్పుడు సగం మంది ప్రైవేటు వ్యాన్‌కి పోస్తున్నారు. వెన్న శాతం తక్కువ చూపిస్తున్నారని ఎవరిని అడిగినా చెబుతారు. మొన్నటి సర్వసభ్య సమావేశంలో నేను లేచి, వెన్న కొలిచే మిషన్‌లో మోసం జరుగుతోందని సెక్రటరీని అందరి ముందూ అడిగేశాను. ఆయన నాన్నకు బావ వరస, నాకు మావయ్య. "నిన్నగాక మొన్న వచ్చావు, నీకేం తెలుసు" అని పెద్దలు కూర్చోబెట్టేశారు. నాన్న నాతో సరిగా మాట్లాడటం లేదు. నాతోపాటు పాడి మీదే ఆధారపడిన కుర్రాళ్లం తొమ్మిది మందిమి ఉన్నాం. నాలుగు నెలల్లో పాలకవర్గం ఎన్నికలు. కొందరు నన్ను ప్రెసిడెంట్‌గా నిలబడమంటున్నారు, కొందరు వేరే కేంద్రం పెట్టేద్దామంటున్నారు. నాయకత్వ శిక్షణ ఎక్కడైనా ఇస్తారా? నాకు ఆ లక్షణాలు ఉన్నాయా లేవా అన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక యువ పాడి రైతు, కోస్తా ఆంధ్ర

సమాధానం: తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఉద్యోగం వదిలి గేదెల దగ్గరకు వచ్చి, వచ్చాక కూడా మన కొట్టం వరకే చూసుకుందాం అనుకోకుండా ఊరి సంఘం గురించి ఆలోచిస్తున్నారు. అలాంటివాళ్లు దొరక్కే చాలా ఊళ్లలో సంఘాలు బోర్డులుగా మిగిలిపోయాయి. అందుకే మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీకు లక్షణాలు ఉన్నాయా అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. దాని గురించి నిద్ర పాడు చేసుకోవద్దు.

మీ ఉత్తరంలో నాకు కనబడని విషయం ఒకటుంది. మీ సంఘానికి రోజుకు ఎన్ని లీటర్లు వస్తున్నాయి, రెండేళ్ల కిందట ఎన్ని వచ్చేవి, మీ ఐదు గేదెల పాలకు పూటపూటకీ వెన్న ఎంత పడుతోంది, ప్రైవేటు వ్యాన్ దగ్గర అవే పాలకు ఎంత పడుతోంది? ఇవేవీ మీరు రాయలేదు. సమావేశంలోనూ చెప్పి ఉండరని నా అనుమానం. మోసం అన్న మాట మాత్రం చెప్పారు. పాల సంఘంలో పెద్దరికం మైకు పట్టుకుంటే రాదు. "ఆ అబ్బాయి లెక్క చెప్పాడంటే అది కరెక్టే" అని మీతో పడనివాడు కూడా ఒప్పుకున్న రోజున వస్తుంది. నేను చెప్పబోయేదంతా ఆ రోజు ఎలా తెచ్చుకోవాలన్నదే.

వెన్న గొడవ దగ్గరే మొదలుపెడదాం. మీ ఊరి అసలు బాధ అదే. మీరు పరువు పోగొట్టుకున్నదీ అక్కడే.

వెన్న తగ్గిందంటే ఎవరో కొట్టేశారనే అర్థం కాదు. గేదె చేపిన వెంటనే వచ్చే మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. మనలో చాలామంది ఆ చివరి పాలను దూడకు వదిలేస్తాం. దూడకు పాలు కావాల్సిందే, కాదనను. కానీ మొదట తాగించి, తర్వాత పొదుగు పూర్తిగా పిండిన ఇంటి పాలకూ, ముందు పిండుకుని ఆఖరున దూడను వదిలిన ఇంటి పాలకూ ఒకే వెన్న రాదు. పొద్దున పాలకూ సాయంత్రం పాలకూ తేడా ఉంటుంది. పొద్దున నుంచి సాయంత్రానికి వ్యవధి తక్కువైతే సాయంత్రం పాలు తగ్గి, వెన్న శాతం పెరుగుతుంది. కొత్తగా ఈనిన గేదెకు పాలు ఎక్కువ, వెన్న తక్కువ. వట్టిపోయే ముందు అది తలకిందులవుతుంది. వరిగడ్డి తగ్గించి దాణా గుప్పించినా వెన్న పడిపోతుంది, ఎందుకంటే పాలలో వెన్న తయారయ్యేది చాలావరకు పీచు మేత అరుగుదల నుంచే.

ఇక కేంద్రంలో జరిగేవి. క్యాన్‌లో పాలను కిందికీ పైకీ బాగా కలపకుండా శాంపిల్ తీస్తే, పైనుంచి తీసినవాడికి ఎక్కువ, అడుగునుంచి తీసినవాడికి తక్కువ వస్తుంది. అప్పుడే పిండి నురగతో తెచ్చిన పాలలో గాలి బుడగలుంటే మిషన్ తప్పు చదువుతుంది. రోజూ కడగాల్సిన మిషన్‌ను కడగకపోతే లోపల పొర పేరుకుంటుంది, అంకెలు మారిపోతాయి. దాన్ని ఎప్పటికప్పుడు సరిచూసి సెట్ చేయాలి. వీటిలో ఒక్కదానికి కూడా దొంగబుద్ధి అక్కర్లేదు, అజాగ్రత్త చాలు. నిజంగా దొంగతనం జరిగే కేంద్రాలూ ఉన్నాయి. ఏది అజాగ్రత్తో ఏది దొంగతనమో తేల్చకుండా నలుగురిలో ఒక మనిషి పేరు పెట్టి అడిగితే, ఆయన తప్పు చేసినా చేయకపోయినా ఊరు ఆయన వైపే నిలబడుతుంది. మీ ఊళ్లో జరిగింది అదే.

దీనివల్ల రైతుకు పోయేది ఎంతో కూడా లెక్క కట్టి దగ్గర పెట్టుకోండి. పాలకు డబ్బు వెన్నను బట్టే కదా, కిలో వెన్నకు 800 రూపాయల రేటు అనుకుందాం. అర శాతం కాదు, ఒక్క పాయింటు, అంటే 6.5 రావాల్సింది 6.4 వచ్చినా లీటరుకు దాదాపు 80 పైసలు పోతాయి. పూటకు పది లీటర్లు పోసే ఇంటికి పూటకు ఎనిమిది రూపాయలు, నెలకు 480 దాకా. మీ సంఘం అసలు రేటు వేసి ఈ లెక్కను తెలుగులో ఒక కాగితం మీద రాసి చూపించండి. మోసం అన్న మాటకు లేచిన పెద్దలే దీనికి కూర్చుని వింటారు.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, మావయ్యగారితోనే కలిసి అందరి ముందూ ఒక పరీక్ష పెట్టించండి. పది ఇళ్ల పాలు, సంఘానికి పోసేవాళ్లవి కొన్ని, వ్యాన్‌కి పోసేవాళ్లవి కొన్ని. ప్రతి క్యాన్‌నూ బాగా కలిపి, ఒకే పాల నుంచి మూడు సీసాలు తీయండి. ఒకటి మీ కేంద్రం మిషన్‌లో, ఒకటి ఐస్ పెట్టెలో పెట్టి యూనియన్ (ఊళ్ల సంఘాలన్నింటి పైనున్న జిల్లా సంఘం) ల్యాబ్‌కి, మూడోది అక్కడికక్కడే గెర్బర్ పద్ధతిలో. గెర్బర్ అంటే వెన్న కొలిచే పాతకాలపు గాజు గొట్టం, బ్యుటిరోమీటర్: 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్. బిరడా బిగించి కలపగానే గొట్టం చేతికి కాలుతుంది, పాలు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. ఐదు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, వేడినీళ్లలో ఉంచి తీస్తే వెన్న మొత్తం పైన బంగారు రంగు స్తంభంలా నిలబడుతుంది. ఎన్ని గీతలుందో చదువు రాని ముసలమ్మ కూడా వేలు పెట్టి చూపించగలదు. మిషన్ తెర మీద అంకెను నమ్మనివాళ్లు కళ్లెదుట తేలిన వెన్నను నమ్ముతారు. యాసిడ్ ప్రమాదం కాబట్టి అలవాటున్న ల్యాబ్ మనిషిని యూనియన్ సూపర్‌వైజర్ ద్వారా పిలిపించండి, మీరు చేయొద్దు.

ఫలితాలు ఎలా వచ్చినా మీకు నష్టం లేదు. మిషన్ సరిగ్గా ఉంటే, వ్యాన్‌కి పోతున్నవాళ్లలో కొందరికి అనుమానం తీరుతుంది. ఆ పేరు మావయ్యకూ దక్కుతుంది, మీకూ దక్కుతుంది. తేడా వస్తే, మిషన్ సరిచేయించడానికి ఆయన మీదకు ఎవరూ ఎగబడక్కర్లేదు. నెలకోసారి ఇలాంటి పరీక్ష, ఆ ఫలితాలు కేంద్రం గోడ మీద. దాన్ని తీర్మానంగా పుస్తకంలో రాయించగలిగితే, మీరు ప్రెసిడెంట్ కాకుండానే మీ ఊరి సంఘంలో పెద్ద మార్పు తెచ్చినట్టు. ఒకవేళ మావయ్య ఒప్పుకోకపోతే? అప్పుడు పది మంది సభ్యుల సంతకాలతో పాలకవర్గానికి అర్జీ ఇవ్వండి, కాపీ యూనియన్‌కి. అందులో మోసం అన్న మాట ఉండకూడదు. పరీక్ష కావాలన్న మాటే ఉండాలి.

మీకు ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. 1949 మేలో, తర్వాత పాల విప్లవం తెచ్చిన వర్గీస్ కురియన్ గుజరాత్‌లోని ఆనంద్‌లో దిగేనాటికి ఆయన వయసు మీ వయసే, 27. ఊరు కాని ఊరు, భాష రాదు, ప్రభుత్వ ఉద్యోగం, ఎప్పుడు వెళ్లిపోదామా అని ఉన్నారు. అక్కడ ఖేడా జిల్లా రైతుల పాల సంఘం, తర్వాత అమూల్‌గా పేరుపడ్డదే, 1946లోనే పుట్టింది. దాని అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్ ఊరూరా తిరిగి రైతుల్ని కూడగట్టిన మనిషి. వాళ్ల పాత యంత్రాలు మాటిమాటికీ మొరాయించేవి. కురియన్ మొదట చేసిన పని ఉపన్యాసం కాదు, ఆ యంత్రాలు బాగుచేయడం. తర్వాత, ఇక వీటితో లాభం లేదు, కొత్తవి కొనండి అంటే త్రిభువన్‌దాస్ డబ్బు తెచ్చి కొన్నారు. అమూల్ వెనక ఆ ఇద్దరి నమ్మకం ఉంది. ఒకరు రైతుల మనిషి, ఒకరు పని తెలిసిన మనిషి. 1963లో వాళ్లిద్దరికీ, దారా ఖురోడీకీ కలిపి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మన దగ్గర కురియన్ పేరు తెలిసినంతగా త్రిభువన్‌దాస్ పేరు తెలియదు. అది నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే పల్లెలో పాడి నాయకత్వం నేర్చుకోవాలంటే చూడాల్సింది ఆయన్నే: ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉండి కూడా, యంత్రాల గురించి తనకంటే తెలిసిన కుర్రాడి మాట విన్నాడు. మీ ఊరి పెద్దలకు మీరు కురియన్ అవ్వాలి. రేపు మీకంటే చిన్నవాడు వచ్చినప్పుడు మీరు త్రిభువన్‌దాస్ అవ్వాలి.

వేరే కేంద్రం పెట్టే ఆలోచనకు నేను ఒప్పుకోను, కనీసం ఇప్పుడు. ఉన్న పాలే సగమయ్యాయి, వాటిని మళ్లీ రెండు ముక్కలు చేస్తే ఏ ముక్కకూ పాల బండి రావడానికి గిట్టుబాటు కాదు. పిండిన పాలు త్వరగా కూలర్‌కి చేరి 4 డిగ్రీలకు దిగాలి, లేకపోతే వేసవిలో విరిగిపోతాయి. తక్కువ పాలకు దూరం నుంచి బండి వస్తే ఆ ఖర్చు మీ లీటరు మీదే పడుతుంది. ప్రైవేటు వ్యాన్‌కి పోసేవాళ్లను ద్రోహులన్నట్టు చూడొద్దు. పదో రోజున చేతిలో పాల బిల్లు డబ్బు పడితే చాలనుకునే ఇల్లు అది. వాళ్లు ఎందుకు వెళ్లారో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి అడగండి. బిల్లు ఆలస్యమా, వెన్నా, దాణా అప్పు వ్యాన్ యజమాని ఇస్తున్నాడనా? ఆ కారణాలు రాసుకోండి. మీ తొమ్మిది మందీ ఆ ఇళ్లు పంచుకుంటే వారంలో అయిపోయే పని.

ఇంకొకటి. మీ పాల పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది? నాకు తెలిసి మీ తొమ్మిది మందిలో చాలామందికి నాన్న పేరునో, ఎప్పుడో పోయిన తాత పేరునో ఉంటుంది. సభ్యత్వం లేనివాడికి ఓటుండదు, పోటీకీ అర్హత ఉండదు. సభ్యత్వం ఉన్నా, ఏడాదికి ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసి ఉండాలన్న నియమం ఉంటుంది. బైలా పుస్తకం, అంటే సంఘం నియమాల పుస్తకం, తీసి చదవండి. నాలుగు నెలలే ఉంది కాబట్టి ఇది వెంటనే చూసుకోవాల్సిన పని.

ఆ పుస్తకం చూసేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: మీ ఇంట్లో తెల్లవారుజామున పేడ తీసేది, కుడితి పెట్టేది, పాలు పిండేది ఎవరు? మీ ఉత్తరంలో తాత, నాన్న, మావయ్య, స్నేహితులు ఉన్నారు. అమ్మ ఒక్కసారి కూడా రాలేదు. తొమ్మిది మంది కుర్రాళ్లలో ఒక్క ఆడపిల్ల పేరూ లేదు. హనుమకొండ జిల్లా ములుకనూరులో 2002 నుంచి నడుస్తున్న డెయిరీలో సభ్యులంతా ఆడవాళ్లే. స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నారు, పాలకవర్గంలో కూర్చునేదీ వాళ్లే. తిరుపతిలో 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ కూడా అంతే. పొదుగు మీద చెయ్యి వేసేవాళ్లకే గేదెకు ఏం బాగోలేదో ముందు తెలుస్తుంది. పొదుగువాపు మొదలవుతుంటే పాలలో మొదటి తరకలు కనబడేది వాళ్లకే. వాళ్లను బయట నిలబెట్టి మీరు యువ నాయకత్వం అంటే సగం ఊరు మీది కాదు. మీ తొమ్మిది మందిని పద్నాలుగు చేయండి, ఆ ఐదుగురూ ఆడవాళ్లే కావాలి. సమావేశం సాయంత్రం పాల వేళ పెడితే వాళ్లు ఎలాగూ రాలేరు. పొద్దున పనులు తెమిలాక పదకొండింటికి పెట్టమని అడగండి.

ఎన్నికల సంగతి. నిలబడండి, కానీ ప్రెసిడెంట్‌గా కాదు, పాలకవర్గ సభ్యుడిగా. ఈ నాలుగు నెలలూ పరీక్షతోపాటు ఊరికి పనికొచ్చే ఒక పనిని మీ చేతిలోకి తీసుకోండి, ఒక్కటే. నన్నడిగితే బీమా తీసుకోమంటాను. పశువు చచ్చిపోయినప్పుడు క్లెయిమ్ రాకపోవడానికి ఎక్కువగా కారణం బీమాకు గుర్తుగా వేసిన చెవి పోగు (ట్యాగ్) ఊడిపోవడం, లేదా డాక్టరుకు చెప్పకుండా పూడ్చేయడం. పోగు లేకపోతే క్లెయిమ్ లేదు. ఏ గేదెకు పోగు ఊడింది, ఎవరి పాలసీ ఎప్పుడు ముగుస్తుంది, చచ్చిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, పోస్టుమార్టం రిపోర్టు ఎవరు తేవాలి, ఇదంతా ఒక నోటుబుక్కులో పెట్టుకున్న కుర్రాడు ఊళ్లో ఉంటే, లక్ష రూపాయల గేదె పోయిన ఇంట్లో ఆ కుర్రాడి విలువేమిటో నేను చెప్పక్కర్లేదు. మీ స్నేహితుల్లో ఒకరు గాలికుంటు టీకాల జాబితా పట్టుకోవచ్చు, ఆరు నెలలకోసారి ఏ ఇల్లూ తప్పిపోకుండా. ఇంకొకరు ఎద లెక్క. ముర్రాలకు వేసవిలో మూగ ఎద, అంటే పైకి సరిగా కనబడని ఎద, ఎక్కువ. పొద్దున గుర్తిస్తే సాయంత్రానికి, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు పొద్దునకు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. ఆ సూది వేసే గోపాలమిత్రకు సమయానికి ఫోన్ వెళ్లకపోతే ఇరవై ఒక్క రోజుల మేత వృథా. ఎవరి పని వాళ్లదే. అన్నీ మీరే మీద వేసుకుంటే మిగతా ఎనిమిది మంది మీ అనుచరులుగా మిగులుతారు, ఎన్నికలు కాగానే చెల్లాచెదురవుతారు.

శిక్షణ గురించి అడిగారు కదా, ఉంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ, అదే ఎన్‌డిడిబి, శిక్షణ కేంద్రం దక్షిణాదికి తమిళనాడులోని ఈరోడ్‌లో ఉంది. సంఘాల కార్యదర్శులకు, పాలకవర్గాలకు తరగతులు పెడుతుంటారు, యూనియన్ ద్వారా పేర్లు పంపాలి. పశువుల పోషణ విషయాలకు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం. వ్యక్తిత్వ వికాసం పేరుతో పట్నంలో డబ్బులు తీసుకుని రెండు రోజులు చప్పట్లు కొట్టించే తరగతులకు మాత్రం వెళ్లొద్దు. ఆ డబ్బుతో గేదెలకు ఖనిజ లవణ మిశ్రమం కొనండి. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి. మీరూ, సంఘం నుంచి ఒక ఆవిడా, వీలైతే మావయ్యా కలిసి వెళ్లండి. నేర్చుకున్నది తిరిగొచ్చాక సమావేశంలో ఆవిడ చేత చెప్పించండి.

సమావేశాల్లో మాట్లాడే పద్ధతి గురించి కొంచెం. ఏ విషయమైనా సమావేశంలోనే మొదటిసారి వినబడితే పెద్దలు కాదనే అంటారు. వాళ్ల తీరు మీకు తెలుసు కదా, ముందురోజు అరుగు మీద కూర్చుని చెబితే అదే మాటకు తలూపుతారు. సమావేశంలో మావయ్య అనొద్దు, సెక్రటరీ గారూ అనండి. ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం మావయ్యే. వరసను సభలోకి తేవద్దు, సభలో గొడవను వరసలోకి తేవద్దు. ఆడిట్ రిపోర్టు కాపీ అడగడం సభ్యుడి హక్కు. అడగండి, ఇంటికి తీసుకెళ్లి చదవండి, అర్థం కానివి ముందుగా కాగితం మీద రాసివ్వండి. ఏ తీర్మానమైనా మినిట్స్ పుస్తకంలో ఎక్కిందో లేదో లేచి వెళ్లేలోపు చూసుకోండి. మాటగా మిగిలినది వచ్చే ఏడాదికి ఎవరికీ గుర్తుండదు.

ఈ హడావుడిలో మీ కొట్టం చల్లబడనివ్వకండి. ఐదు గేదెలు పాలిస్తున్నాయన్నారు, మిగతా మూడూ చూడివేనా? ఖాళీగా ఉంటే డాక్టరుకు చూపించండి. పక్క ఇంటి గేదె గురించి సలహా చెప్పేవాడి గేదె ఏడాదిన్నరగా చూడి కట్టకపోతే ఊరు ఆ సంగతే ముందు మాట్లాడుతుంది.

ఇక మీ నాన్నగారు. ఆయన కోపం మీ మీద కాదు, బంధుత్వం తెగుతుందేమోనన్న భయం. ఈ ఆదివారం మావయ్యగారి ఇంటికి వెళ్లండి. నాన్నను వెంటబెట్టుకుని వెళ్లకండి, స్నేహితుల్నీ వద్దు. అందరి ముందూ మోసం అన్న మాట వాడటం తప్పేనని చెప్పండి, అంతవరకే. వెన్న మీద మీ అనుమానం తప్పని ఒప్పుకోనక్కర్లేదు, ఎందుకంటే అది ఇంకా తేలలేదు. తర్వాత పరీక్ష గురించి చెప్పి, తేదీ ఆయన్నే పెట్టమనండి. మీరు వెళ్లొచ్చిన సంగతి నాన్నకు మీరు చెప్పేలోపే అత్తయ్య ఫోన్ చేసి చెప్పేస్తుంది.